రాతిని కోసే తాడు

ఒంగోలు నుంచి పొదిలి వెళ్ళే దారిలో చీమకుర్తి వస్తుంది. అక్కడ పాత క్వారీ అంచున నిలబడి కిందికి చూస్తే, మెట్లలా తవ్విన పై బెంచీల గోడల నిండా సగానికి చీల్చిన గొట్టాల్లాంటి నిలువు గాడులు కనిపిస్తాయి. అవి డ్రిల్లు బెజ్జాల గుర్తులు. కిందికి దిగేకొద్దీ గాడులు తగ్గిపోయి, గోడ మైసూర్‌పాకు కోసినట్టు నున్నగా ఉంటుంది. వజ్రాల తాడు వచ్చాక తీసిన రాయి అది. క్వారీలో అందరూ దాన్ని వైర్ సా అంటారు.

బంగారు చుక్కలున్న ఈ నల్లరాయి వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. భూగర్భ శాస్త్రవేత్తని అడిగితే మాత్రం గ్రానైట్ అనడు, గాబ్రో జాతి రాయి అంటాడు. మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. భూమి లోతుల్లో శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారబట్టే ఆ స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరిగాయి.

గట్టిదనాన్ని చెప్పే మోస్ స్కేలు మీద ఈ రాతిలోని ఖనిజాలు 5, 6 దగ్గర ఉంటాయి. ఉలికి వాడే ఉక్కు కూడా కాస్త అటూ ఇటుగా అక్కడే. అందుకే ఉలితో దీన్ని పగలగొట్టగలమే గానీ కోయలేం. పాత పద్ధతంతా పగలగొట్టడం మీదే నడిచింది. రాయి ఎంత నొక్కినా తట్టుకుంటుంది, రెండు వైపులకీ లాగితే మాత్రం తేలిగ్గా విడిపోతుంది. వరసగా బెజ్జాలు వేసి, వాటిలో చీలలు దించి, ఒకదాని తర్వాత ఒకటి సుత్తితో కొడుతూ పోతే ఆ వరసెంట చీలేది. మందు పెట్టి పేలిస్తే ఇంకా త్వరగా పనయ్యేది, కానీ బీట ఎంతవరకు పాకుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. మంచి బ్లాకు కాస్తా ముక్కలై గుట్టల పాలయ్యేది. చీమకుర్తి చుట్టూ కొండల్లా పేరుకున్న ఆ గుట్టల్లో పైమట్టీ, పనికిరాని రాయీ ఉన్న మాట నిజమే. చేతులారా పాడుచేసుకున్నదీ ఉంది. చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

వైర్ సా పని వేరు. పైనుంచి ఒక బెజ్జం, పక్కనుంచి ఒక బెజ్జం వేసి లోపల రెండూ కలిసేలా చూస్తారు. ఆ దారిలో ఉక్కు తాడు ఎక్కించి, కొసలు కలిపి, మోటారు చక్రానికి దండలా తగిలిస్తారు. తాడుకి మీటరుకి 40 దాకా పూసలుంటాయి. లోహపు పొడిలో వజ్రపు రవ్వ కలిపి కాల్చి చేసిన పూసలవి. తాడు సెకనుకి దాదాపు 25 మీటర్ల వేగంతో తిరుగుతుంటే, పైనుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి. మోటారు పట్టాల మీద వెనక్కి జరుగుతూ తాడు బిగువు సడలకుండా లాగుతుంది.

వజ్రం గట్టిదనం 10. సరే, రాతిని గీకుతుంది. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఆ వజ్రాన్ని పట్టుకున్న లోహం. రవ్వ గీకి గీకి మొద్దుబారే వేళకి చుట్టూ ఉన్న లోహం కూడా అరిగి దాన్ని వదిలేయాలి. అప్పుడే లోపలి కొత్త రవ్వ పైకి తేలుతుంది. లోహం మరీ గట్టిదైతే మొద్దు రవ్వలు రాలవు, పూస నున్నబడి రాతి మీద ఊరికే జారుతుంది. మరీ మెత్తనైతే పదునున్న రవ్వలే రాలిపోతాయి. ఒక రాయికి కుదిరిన తాడు ఇంకో రాయికి కుదరకపోవడం ఇందుకే.

ఇన్ని వజ్రాలు ఎక్కడివి? 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ కార్బన్‌ని విపరీతమైన ఒత్తిడికీ వేడికీ గురిచేసి వజ్రం తయారుచేశాడు. ఇవాళ పరిశ్రమల్లో వాడే వజ్రం దాదాపు అంతా ఇలా ఫ్యాక్టరీలో పుట్టిందే.

ఒకసారి కొసలు కలిపే ముందు ఒక కుర్రాడు తాడుని మెలి తిప్పుతూ, పైకి లెక్కపెడుతూ కనిపించాడు. ఎందుకని అడిగాను. "తిప్పకపోతే పూస ఒకపక్కే అరిగిపోద్ది సార్, గుడ్డు మాదిరి అయిపోద్ది" అన్నాడు. తాడు నడిచే వరసలో నిలబడబోతే నన్ను చెయ్యి పట్టుకుని పక్కకి లాగిందీ అతనే. తాడు తెగితే పూసలు తూటాల్లా వస్తాయి. అడ్డుతెర లేకుండా వైర్ సా నడపనివ్వకూడదు.

ఫ్యాక్టరీలోనూ ఇదే తాడు, ఇంకా సన్నగా. డజన్లకొద్దీ తాళ్ళు ఒకేసారి బ్లాకులోకి దిగి స్లాబులు కోస్తాయి. ఒక్కో కోత సుమారు 7 మిల్లీమీటర్లు, స్లాబు మందం 20. అంటే ప్రతి 27 మిల్లీమీటర్ల రాతిలో 7 బురదగా పోతుంది, పావు వంతు. కరువు జిల్లాలో ఆ బురదతో పాటు నీళ్ళూ పోతే ఎలా? ఫిల్టర్ ప్రెస్సులో బురదని పిండితే నీళ్ళు మళ్ళీ తొట్టిలోకి వస్తాయి. ఈ యంత్రం ప్రతి ఫ్యాక్టరీలో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇంత వచ్చినా, బ్లాకుని కోతకి పంపేముందు అనుభవమున్న మనిషి సుత్తితో తట్టి మోత వింటాడు. తర్వాత దాని మీద నీళ్ళు పోసి, ఆరేదాకా చూస్తాడు. రాయంతా ఆరిపోయాక కూడా ఒకచోట వెంట్రుకంత తడి గీత మిగిలితే అది బీట. సుద్దతో దాని పక్కన గుర్తు పెడతాడు. తాడు అక్కడి నుంచే దిగుతుంది.