కరెంటు బండి: మోటారు, బ్యాటరీల వెనకున్న కథ

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కో, నార్కట్‌పల్లి నుంచి నల్లగొండకో రోజూ డ్యూటీకి వెళ్లొచ్చేవాళ్లు కరెంటు బండి కొనేముందు అడిగే మొదటి మాట "ఒక్క చార్జింగ్‌కు ఎంత దూరం వస్తది?" రెండో మాట "బ్యాటరీ ఎన్నేళ్లుంటది?" ఈ రెండో మాటలో ఉన్న భయం ఊరికే పుట్టలేదు.

మోటారు వాహనాల నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. తొలినాళ్లలో చాలా కంపెనీలు ఆ హద్దులోపలే బండ్లు చేశాయి. కూరగాయలకు, పిల్లల్ని బడిలో దింపడానికి సరిపోయాయి. డ్యూటీకి మాత్రం కష్టమే. ఇద్దరు కూర్చుంటే బండితో కలిపి 220 కిలోలనుకుందాం. వంద మీటర్లకు నాలుగు మీటర్లు లేచే వంతెనను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే 500 వాట్లకు పైనే కావాలి. 250 వాట్ల మోటారు అంత భారం కాసేపు మోసినా వేడెక్కి నీరసపడుతుంది.

బ్యాటరీల సంగతి ఇంకా ఘోరం. 12 వోల్టుల సీసం బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. 24 ఆంపియర్ అవర్లవైతే కాగితం మీద 1.15 కిలోవాట్ అవర్ (కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్). కానీ సీసం బ్యాటరీ నుంచి కరెంటును గబగబా లాగితే అంత ఇవ్వదు. పూర్తిగా ఖాళీ చేసి అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. నాలుగింట్లో ఒకటి బలహీనపడితే మిగతా మూడూ దానితోపాటే దెబ్బతింటాయి. "ఏడాదికే బ్యాటరీ పోతది" అన్న పేరు అక్కడే వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

2015లో కేంద్రం కరెంటు బండ్ల కొనుగోలుకు సబ్సిడీ ఇచ్చే ఫేమ్ పథకం తెచ్చింది. అసలు మలుపు 2019 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్-2. సీసం బ్యాటరీలను పక్కనపెట్టి, ఒక్కో కిలోవాట్ అవర్‌కు 10 వేల రూపాయల చొప్పున సబ్సిడీ ఇచ్చింది. 2021 జూన్‌లో అది 15 వేలైంది. లిథియం బ్యాటరీ ఎంత పెద్దదైతే సబ్సిడీ అంత ఎక్కువ కాబట్టి పెద్ద బ్యాటరీల బండ్లు వచ్చాయి. 2020 అక్టోబర్‌లో తెలంగాణ కూడా మొదటి 2 లక్షల ఎలక్ట్రిక్ టూవీలర్లకు రోడ్డు టాక్స్ మాఫీ చేసింది. 2023 జూన్‌లో కేంద్రం సబ్సిడీ తగ్గించడంతో ధరలు మళ్లీ పెరిగాయి.

ఆ మధ్యలో 2022 వచ్చింది. నిజామాబాద్‌లో ఇంట్లో బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది డిసెంబర్ నుంచి ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాన్ని కేంద్రం రెండు దశల్లో కఠినం చేసింది. బ్యాటరీ లోపలి సెల్ వేడెక్కితే, వోల్టేజీ హద్దు దాటితే కరెంటును ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్)పై గట్టి షరతులు పెట్టింది.

ఇప్పుడు షోరూముల్లో రెండు రకాల లిథియం బ్యాటరీలు కనిపిస్తాయి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసింది) తేలిక, తక్కువ చోటులో ఎక్కువ కరెంటు పడుతుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) కొంచెం బరువు, కానీ వేడికి ఎక్కువ తట్టుకుంటుంది, ఎక్కువసార్లు చార్జింగ్ తీసుకుంటుంది. ఎండాకాలం 45 డిగ్రీలు తాకే నల్లగొండలో నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే. స్కూటర్‌కు మామూలుగా కిలోమీటరుకు 30 వాట్ అవర్లు ఖర్చవుతాయి. రానూపోనూ 40 కిలోమీటర్లకు 1.2 కిలోవాట్ అవర్లు చాలు. ఇద్దరి బరువు, ఎదురుగాలి, బ్యాటరీ ముసలితనం కూడా చూసుకుంటే 2 కిలోవాట్ అవర్లకు తగ్గొద్దు. మోటారు గురించి అడిగితే పీక్ పవర్ చెప్తారు, అది కాసేపటి బలమే. రేటెడ్ పవర్, అంటే ఆగకుండా ఇవ్వగల బలం, ఎంతో అడగండి.

సెల్స్ చాలావరకు బయటి దేశాల నుంచే వస్తున్నాయి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో బ్యాటరీల కంపెనీ అమర రాజా సెల్స్ తయారీ గిగా ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 16 గిగావాట్ అవర్ల సెల్స్ లక్ష్యమన్నారు.

పాత సీసం బండ్లలో లిథియం ప్యాక్ బిగించే పని కూడా ఇప్పుడు జరుగుతోంది. అక్కడే నాకు టెన్షన్. 48 వోల్టుల సీసం బ్యాటరీల చార్జర్ దాదాపు 58 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. 13 సెల్స్ వరుస ఎన్‌ఎంసీ ప్యాక్ 54.6 వోల్టుల దగ్గర ఆగాలి. ప్యాక్ మార్చి చార్జర్ పాతదే ఉంచితే, మంటకూ ఇంటికీ మధ్య మిగిలేది బీఎంఎస్ ఒక్కటే. ప్యాక్‌తోపాటు దాని చార్జర్ కూడా ఇవ్వని మెకానిక్‌కు బండి అప్పజెప్పొద్దు.