ఫెర్మా నమ్మకాన్ని వమ్ము చేసిన సంఖ్య

చిట్టీ, బాబీ,

అన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్య ఏది తాతయ్యా అని ఫోన్‌లో అడిగారు. అలాంటిది లేదర్రా, వాటికి అంతే లేదు. కానీ అచ్చం ప్రధాన సంఖ్యలా కనిపించి ఒక మహా మేధావిని బోల్తా కొట్టించిన సంఖ్య ఒకటుంది: 429,49,67,297.

3తో మొదలుపెట్టండి. అందులోంచి ఒకటి తీసేయండి, మిగిలినదాన్ని దానితోనే గుణించండి, మళ్లీ ఒకటి కలపండి. 5 వస్తుంది. అలాగే చేసుకుంటూ పోతే 17, 257, 65537 వస్తాయి. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆ తర్వాత వచ్చేది మన సంఖ్య.

ఫ్రాన్స్‌లో కోర్టు ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో లెక్కలు వేసుకున్న ఫెర్మా, ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. నిరూపణ లేదని తనే ఒప్పుకున్నాడు, అయినా నమ్మకం మాత్రం గట్టిదే. ఆయన్ని తప్పుపట్టలేం. ఇది ప్రధాన సంఖ్యో కాదో గుడ్డిగా భాగించి తేల్చాలంటే 65536 లోపున్న 6542 ప్రధాన సంఖ్యలతోనూ చూడాలి. మీరైతే మొదటి పేజీలోనే పెన్ను పడేస్తారు!

1732లో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త దీన్ని 641 × 6700417 అని విడగొట్టేశాడు. ఎలాగో అప్పుడు చెప్పలేదు, కిటుకు తర్వాత బయటపెట్టాడు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే పని అయిపోయింది.

వీటిలో 257ని భాగించి చూడకుండానే కొట్టేయొచ్చు. 3, 5, 17, 257, 65537 అన్నీ గుణించి చూడండి, మన సంఖ్యకు సరిగ్గా రెండు తక్కువ వస్తుంది. 257 రెండిటినీ భాగించాలంటే వాటి తేడా అయిన 2ను కూడా భాగించాలి. అది జరిగే పని కాదు.

ఇక 641 సంగతి. ఎనిమిది అంకెల కాలిక్యులేటర్‌లో మన సంఖ్య పట్టదు, టెన్షన్ పడకండి. ఇది 65536 × 65536 + 1 కదా. 65536ను 641తో భాగిస్తే శేషం 154. కాబట్టి 154 × 154 + 1 చూస్తే చాలు. అది 23717, అంటే సరిగ్గా 641 × 37. శేషం సున్నా! 193, 449, 577లతో కూడా ఇలాగే చేయండి. మీకు 109, 325, 288 మిగలాలి.

ఈ వరుసలో 65537 తర్వాత ఇప్పటిదాకా ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు. కొన్నిటి విషయంలో మరీ విచిత్రం: ప్రధాన సంఖ్య కాదని రుజువైంది గానీ, దేనితో భాగించబడుతుందో ఎవరికీ తెలియదు.

6700417 మాత్రం ప్రధాన సంఖ్యే. నా మాట నమ్మకండి. పై కిటుకే దీనికీ పనిచేస్తుంది, 641 నుంచి 2588 దాకా చూస్తే సరిపోతుంది. చేశాక కాగితం ఫోటో తీసి పంపండి.

మీ తాతయ్య