ముసలి చేపలు తగ్గితే సముద్రానికి ఏమవుతుంది?

హైదరాబాదుకు సముద్రం లేకపోయినా, సముద్రాన్ని రోజూ పరిశీలించే సంస్థ ఒకటి ఇక్కడే ఉంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం), ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ నీటిలోని పత్రహరితాన్నీ బట్టి, చేపలు ఎక్కడ గుమికూడే అవకాశముందో ప్రగతినగర్ నుంచి మత్స్యకారులకు తెలియజేస్తుంది. పత్రహరితం ఉన్నచోట వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కల వంటి జీవులు, ఉంటాయి. వాటిని జంతుప్లవకాలనే చిన్న తేలే జంతువులు, వాటిని నెత్తళ్ళ వంటి చిన్న చేపలు, వాటిని వంజరం వంటి పెద్ద చేపలు తింటాయి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి సుమారు పదో వంతే కనుక, పైనున్న చేప బతకాలంటే అడుగున ఎంతో పంట పండాలి.

ఆ పంట చాలావరకు లోతు నీటిలోని పోషకాలు పైకి రావడం మీద ఆధారపడుతుంది. పెరూ తీరంలో 1970లో 1.2 కోట్ల టన్నులకు పైగా నెత్తళ్ళు పట్టారు. 1972లో పసిఫిక్ ఉపరితలాన్ని వేడెక్కించి పోషకాలను పైకి రానివ్వని ఎల్‌నినోతో ఆ రాబడి కుప్పకూలింది. మన బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద తేలికపాటి పొరగా పరుచుకుని పోషకాలను పైకి రానివ్వదు; ఉపరితలం వేడెక్కేకొద్దీ ఆ అడ్డు ఇంకా బలపడుతుంది.

మరి చేపల సంఖ్యలో దశాబ్దాల హెచ్చుతగ్గులన్నీ వాతావరణం పనేనా? కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర, ఆక్సిజన్ దాదాపు లేని సముద్రగర్భపు బురదలో చెదరకుండా నిలిచిన చేప పొలుసులను పొరలవారీగా లెక్కపెట్టినప్పుడు సుమారు 1,700 ఏళ్ళ చరిత్ర బయటపడింది. భారీ వేట లేని కాలంలోనూ అక్కడి కవళ్ళు (సార్డిన్ చేపలు) దశాబ్దాలపాటు విస్తారంగా ఉండి, తర్వాత బాగా తగ్గిపోయి, మళ్ళీ పెరిగేవి. దీన్ని చూపి వేటను నిర్దోషిగా తేల్చడం పొరపాటని నా దృఢమైన అభిప్రాయం.

అదే తీరంలో 1949లో మొదలైన కాల్‌కాఫీ సర్వే, అప్పుడే పొదిగిన చేపపిల్లల లెక్కను ఏళ్ళ తరబడి సేకరించింది. 2006లో ఆ సమాచారాన్ని విశ్లేషించగా, ఒకే వాతావరణంలో బతికే చేపల్లో వేటకు గురయ్యే జాతులే ఎక్కువ ఒడుదొడుకులకు లోనవుతున్నాయని తేలింది. దీనికి ముఖ్యమైన వివరణ చేపల వయసులో ఉంది. పెద్ద వయసు ఆడచేప చిన్నదానికంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడుతుంది. పైగా అనేక జాతుల్లో వేర్వేరు వయసుల చేపలు వేర్వేరు వేళల్లో, చోట్లలో గుడ్లు పెడతాయి కనుక, ప్లవకాలు ఎప్పుడు విరివిగా పెరిగినా ఏదో ఒక గుంపు పిల్లలకు మేత అందుతుంది. వేట ఈ పెద్ద చేపలను ముందుగా తొలగిస్తుంది. మిగిలిన లేత చేపలు దాదాపు ఒకేసారి గుడ్లు పెట్టి, ఆ ఏడాది పిల్లలకు మేత దొరకకపోతే, ఆ తరమంతా నష్టపోతుంది.

న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపల విషయంలో అతి వేటకు సముద్రం చల్లబడిన ఏళ్ళు తోడయ్యాయి. 1992లో కెనడా విధించిన నిషేధం 2024 దాకా కొనసాగింది. కొద్ది ఏళ్ళే బతికే కవళ్ళకు ముసలి చేపల ఆసరా సహజంగానే తక్కువ: కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులున్న నూనె కవళ్ళ రాబడి 2021లో 3,297 టన్నులకు పడిపోయింది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం గుడ్లు పెట్టే కాలానికి రక్షణ ఇస్తుంది. వల కన్ను పరిమాణంపై నియమాలు పిల్లచేపలను కాపాడతాయి. హైదరాబాదు రాంనగర్ చేపల మార్కెట్లో అందరూ కోరుకునే పెద్ద వంజరాన్ని మాత్రం విరామం ముగిశాక ఏ నియమమూ కాపాడదు. మొత్తం వేటను తగ్గించడం, కొన్ని ప్రాంతాలను ఏడాది పొడవునా వేటకు దూరంగా ఉంచడం వంటి మార్గాలే దాన్ని పెద్దవయసు దాకా బతకనిస్తాయి. ఉపగ్రహానికి పత్రహరితం కనిపిస్తుంది కానీ చేప వయసు కనిపించదు. దాన్ని రేవులో చేపల పొడవు కొలిచి, చెవిరాళ్ళలోని (చేప చెవిలో ఉండే గట్టి రాయి వంటి భాగాల్లోని) వలయాలు చూసి అంచనా వేయవలసిందే.