మీటరు చూసి మోసపోకండి: సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీలపై అపోహలు, వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. "అన్నా, బెంగళూరులో ఒక బండి చూసినాం. 2017 డీజిల్, సింగిల్ ఓనర్, ఎవరో డాక్టరుదంట. 32 వేలే తిరిగింది. అడ్వాన్స్ ఇచ్చేద్దామా?"

నార్పల దగ్గర చీనీ తోటలున్న రైతు. ఈసారి కాపూ బాగుంది, ధరా పలికింది. ఇంట్లో పిల్లకు సంబంధాలు చూస్తున్నారు, వాకిట్లో పెద్ద బండి ఉండాలని ఆశ. ఆ ఆశలో తప్పేం లేదు. సర్వీసు బిల్లులు చూశారా అని అడిగితే, "అవెందుకన్నా, 32 వేలే కదా!" అన్నాడు.

అనంతపురంలో పందొమ్మిదేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. ఇప్పుడు సగం పని, కొనబోయేవాళ్ల తరఫున వెళ్లి బండి చూసి రావడమే. నేను చూసినంతలో జనం డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క మాట దగ్గరే.

అపోహ: తక్కువ తిరిగిన బండి అంటే మంచి బండి.

వాస్తవం: మీటరు చక్రం లెక్క చెబుతుంది, ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పదు. బెంగళూరు ట్రాఫిక్‌లో సగటున గంటకు 15 కిలోమీటర్లు పోయిన బండి 30 వేలు తిరిగిందంటే ఇంజన్ 2,000 గంటలు పనిచేసినట్టు. హైవే మీద గంటకు 60 చొప్పున 90 వేలు తిరిగిన బండికి అయ్యేది 1,500 గంటలే. ఏది ఎక్కువ అరిగిందో మీరే చెప్పండి. పైగా సిటీ బండిలో ఆ గంటలన్నీ బ్రేకు, గేరు, ఏసీ మీద నడిచినవే.

డీజిల్ అయితే ఇంకో చిక్కు ఉంది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే పొగ నిబంధన వచ్చాక డీజిల్ కార్లకు ఇది మామూలైపోయింది కానీ, లగ్జరీ బండ్లలో చాలావాటికి అంతకుముందు నుంచే ఉంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఒకే వేగంతో ఆగకుండా పోవాలి. ఇంటి నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి ఇంటికి నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. కాల్చడం మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలోనే ఆపేస్తారు. అందుకోసం అదనంగా కొట్టిన డీజిల్ కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది. ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో తిరిగేది ఆ ఆయిల్ మీదే, దానికి కష్టం అక్కడ మొదలవుతుంది. మీటరు మాత్రం ముద్దుగా 32 వేలే చూపిస్తుంది.

ఇక రబ్బరు. దానికి కిలోమీటర్లతో పనిలేదు, వయసు చాలు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన 38 వేలు తిరిగిన బండి కొన్నాడు. స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలబడే ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది. మూడో వారం పొద్దున్నే ఫోన్ చేసి, "సామీ, బండి బర్రె మోకాళ్ల మీద కూలబడినట్టు కూలబడింది" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. గాలి నిలిపే రబ్బరు సంచులు ఎండకు పగుళ్లిచ్చాయి. కారుతున్న గాలిని నింపీ నింపీ కంప్రెసర్ కాలిపోయింది. ఆ సంచులుండే ముందువైపు స్ట్రట్లు రెండు, కంప్రెసర్ కలిపి బిల్లు రెండున్నర లక్షలు దాటింది. ఆయన భార్యకు ఇప్పటికీ అసలు లెక్క తెలియదు.

ఇదంతా మీటరు నిజం చెబితేనే. దాన్ని వెనక్కి తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్‌తో నిమిషాల పని. మంది గురించి ఎందుకు, నేనే మోసపోయాను. 2013లో మా బామ్మర్ది కోసం 42 వేల బండి అని నమ్మి తెచ్చాను. కొన్ని కార్లు కిలోమీటర్ల లెక్కను తాళంచెవిలోనూ రాసిపెట్టుకుంటాయి. రెండు నెలల తర్వాత ఇంకో పని మీద ఆ తాళంచెవిని చదివిస్తే లక్షా 18 వేలని తేలింది. మెకానిక్‌నై ఉండి! బామ్మర్ది ఇప్పటికీ పెళ్లిళ్లలో నలుగురి ముందూ ఆ కథ ఎత్తుతాడు.

కాబట్టి మీటరు పక్కన పెట్టి కాగితాలు అడగండి. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రికార్డు తీయించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మార్చారో అందులో ఉంటుంది. టైరు మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరు. అది మీటరు లెక్కతో పొసుగుతుందో లేదో చూసుకోండి. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టినప్పుడు ఎర్రర్లు ఏమీ లేవని మురిసిపోకండి, అవి చెరిపేశాక బండి ఎంత దూరం నడిచిందో కూడా చదవండి. ఒకసారి 11 కిలోమీటర్లని వచ్చింది. అంటే నేను వస్తున్నానని తెలిసి ఆ పొద్దునే చెరిపారన్నమాట. అన్నిటికంటే ముఖ్యం, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మొదటి స్టార్ట్ వినాలి. ఇంజన్ లోపలి టైమింగ్ చైన్ గలగల, పొగ, గేరు పడేటప్పుడు కుదుపు అప్పుడే బయటపడతాయి.

కర్నూలులో ఒకాయన తన బండిని మూడు నెలలుగా అమ్మకానికి పెట్టాడు. లక్షా 12 వేలు తిరిగింది, వారం వారం హైదరాబాద్ పోయివచ్చిన బండి. మొదటి సర్వీసు నుంచి ప్రతి బిల్లూ ఫైల్లో ఉంది. మీటరు చూసి అందరూ వెనక్కి పోతున్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఇన్నోవా ధరకే వస్తోంది, ఖర్చూ అంతేలే." తగ్గింది బండి ధర, పార్టుల ధర కాదు. కోటి రూపాయల బండి 20 లక్షలకు వచ్చినా దాని హెడ్‌లైటు కోటి రూపాయల బండి హెడ్‌లైటే. ఏడాదికింత అని రిపేరుకు పక్కన పెట్టలేకపోతే కొత్త ఇన్నోవానే కొనుక్కోండి, అందులో నామోషీ ఏం లేదు.

"గేర్‌బాక్స్ ఆయిల్ జన్మలో మార్చక్కర్లేదు." చాలా లగ్జరీ బండ్లకు గేర్‌బాక్సులు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. ఇక వాదన ఎందుకు?

"వరద బండి వాసనతోనే తెలిసిపోతుంది." సెంటు కొడితే తెలియదు. 2022 సెప్టెంబరులో బెంగళూరు, 2023 డిసెంబరులో చెన్నై మునిగాయి. ఆ నీళ్లలో నిలబడిన బండ్లూ ఎక్కడో ఒకచోట అమ్ముడుపోవాల్సిందే కదా. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక చూడండి, సీటు కింది పట్టాల తుప్పు చూడండి.

"ఫలానా బ్రాండ్ ముట్టుకోవద్దంట." వాట్సాప్‌లో వచ్చిందంటారు. దీనికి నా దగ్గర ఓపిక లేదు.

"ఇన్సూరెన్స్ ఉంది కదా." అది ప్రమాదానికి, అరుగుదలకు కాదు. బండి పేరు మారిన 14 రోజుల్లో పాలసీనీ మీ పేరుకు మార్పించుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. కేఏ (కర్ణాటక) నంబరు బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అప్పు తీరిందని ఫారం 35, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ లెక్కేసుకున్నాకే బేరం.

ఇప్పటికే కొనేసి ఇది చదువుతున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. లైటు వెలిగిన ప్రతిసారీ ఇంజన్ పోయినట్టు కాదు. డీపీఎఫ్ లైటు మామూలుగా వెలిగితే గుత్తి వైపు హైవే ఎక్కి, అరగంట పైన ఒకే వేగంతో పోయి రండి. చాలాసార్లు అదే ఆరిపోతుంది. లైటు కొట్టుకుంటున్నా, బండి పికప్ పోయినా మాత్రం లాగించకండి.

నార్పల రైతు నా మాట పూర్తిగా నమ్మలేదు. "ఒక్కసారి చూసొద్దాం రా అన్నా" అన్నాడు. మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు రెండుసార్లు చెప్పించాను. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి ఆరున్నరకల్లా యలహంక చేరాం. బానెట్ మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది. "సెక్యూరిటీ వాడు ఇప్పుడే పక్కకు జరిపాడు సార్" అన్నారు.

తిరుగుదారిలో పెనుకొండ దగ్గర ఉగ్గాని, బజ్జీకి ఆగాం. అప్పటిదాకా ఆయన మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు: "కర్నూలు బండి అంటివే, ఆ ఫైలు ఒకసారి చూపిస్తారా?"