కూరగాయలకి అంత దూరం ఎందుకు?

చిరంజీవులకు ఆశీస్సులు.

వీధి చివరే కొట్టు ఉంటే అమ్మ రైతుబజారుదాకా ఎందుకు వెళ్తుందని అడిగారు కదా. అందులో ఒక లెక్క ఉందర్రా. 1960ల్లో అమెరికాలో డేవిడ్ హఫ్ అనే ఆయన దాన్ని సూత్రంగా కట్టాడు. అంగడి ఎంత పెద్దదైతే అంతగా లాగుతుంది, దారి ఎంత సేపైతే అంతగా వెనక్కి నెడుతుంది.

కొట్టులో 10 బుట్టల సరుకుంది, నడక 5 నిమిషాలు. రైతుబజారులో 360 బుట్టలు, 15 నిమిషాలు. నిమిషాల వర్గంతో బుట్టల్ని భాగించండి. వచ్చేదే ఆ అంగడి లాగే బలం. కొట్టుకి 10 బై 25, అంటే 0.4. బజారుకి 360 బై 225, అంటే 1.6. రెండూ కలిపితే 2, అందులో 0.4 ఐదో వంతు. కాబట్టి పదిసార్లలో రెండుసార్లు కొట్టుకి, ఎనిమిదిసార్లు బజారుకి.

వర్గమే ఎందుకని అడుగుతారేమో. అది అన్నిటికీ చెల్లదు. కరివేపాకు రెబ్బ కోసం ఎవరూ బస్సెక్కరు, అక్కడ ఘాతం, అంటే వర్గంలోని ఆ 2ని, పెంచాలి. పెళ్లి పట్టుచీరకైతే ధర్మవరం దాకా పోతారు, అక్కడ తగ్గించాలి.

పిల్లలు ఎక్కువగా తప్పేది దూరం దగ్గర. మ్యాపులో సూటిగా గీత గీసి కొలుస్తారు. రోడ్డు మధ్య డివైడరుంటే యూటర్న్ దాకా పోయి రావాలి. 15 నిమిషాలు 20 అయితే బజారు బలం 0.9కి పడిపోతుంది, పదికి ఎనిమిదిసార్లు కాస్తా ఏడుకి దిగుతుంది. బస్సు కోసం నిలబడ్డ సేపూ కలపాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకి టికెట్టుకి డబ్బు అక్కర్లేదు. ఖర్చు పోయింది గానీ ఎదురుచూపు పోలేదు!

ఇంకో చిక్కు. అమ్మ ఇంటి నుంచే బయల్దేరుతుందని ఎవరన్నారు? ఆఫీసు నుంచి వస్తూ బజారు దగ్గర దిగితే, లెక్కలోకి వచ్చేది పక్కకి మళ్లినందుకు పట్టిన నిమిషాలే.

మీ ఇంట్లో ఏడు రోజులు రాసి చూడండి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పనికి, ఎలా, ఎన్ని నిమిషాలు. వెళ్లగలిగీ వెళ్లని చోటు కూడా రాయాలి, ఎందుకు వద్దనుకున్నారో అడిగి మరీ. అది రాయకుండా వదిలేస్తే దేన్ని కాదని దేన్ని ఎంచుకున్నారో తెలియదు. తిరుగు దారిలో సంచి బరువు కూడా వేయండి. ఐదు కిలోలు మోస్తే ఆ ఐదు నిమిషాలే పదిలా ఉంటాయి.

మీ తాతయ్య