గోల్ఫ్ బంతి కుడికి పోతోందని స్వింగ్ మార్చేయకండి, ముందు చేతులు చూసుకోండి

ప్రియమైన పిల్లలకు,

అందరూ బాగున్నారా? మీలో చాలామంది నన్ను అడిగేది ఒకటే ప్రశ్న, "తాతయ్యా, బంతి కుడివైపుకి వంకర తిరిగిపోతోంది, నా స్వింగ్‌లో తప్పెక్కడుందో చెప్పవా" అని. వీడియోలు కూడా పంపిస్తారు, స్లోమోషన్‌లో, ఎదురుగా ఒకటి వెనకనుంచి ఒకటి. నేను మాత్రం ఆ వీడియోని స్వింగ్ (క్లబ్‌ని, అంటే గోల్ఫ్ కర్రని, ఊపడం) మొదలవ్వకముందే ఆపేసి మీ చేతులు చూస్తాను, సగం జవాబు అక్కడే దొరికేస్తుంది. అందుకే ఈ ఉత్తరంలో దాదాపు అంతా చేతుల గోలే. కుడిచేతివాటం వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ఎడమచేతివాటం పిల్లలు కుడి అన్నచోట ఎడమ, ఎడమ అన్నచోట కుడి అని మార్చుకుని చదువుకోండి. అమెరికా గోల్ఫ్ ఆటగాడు ఫిల్ మికెల్సన్ మిగతా పనులన్నీ కుడిచేత్తోనే చేస్తాడు, గోల్ఫ్ మాత్రం ఎడమవైపు నిలబడి ఆడతాడు, కాబట్టి మీకు ఏ వైపు హాయిగా ఉంటే ఆ వైపే ఆడుకోండి.

ముందు అసలు కారణం చెప్తా, లేకపోతే నేను చెప్పేదంతా చాదస్తంలా అనిపిస్తుంది. క్లబ్ బంతికి తగిలి ఉండేది సుమారు సెకనులో రెండువేలవ వంతు, అంతే. ఆ కాస్త సమయంలో క్లబ్ ముఖం, అంటే బంతికి తగిలే చదునైన భాగం, ఎటు చూస్తుంటే బంతి దాదాపు అటే బయల్దేరుతుంది. తర్వాత గాల్లో వంకర తిరగడం అనేది, క్లబ్ వెళ్తున్న దారికీ ముఖం చూస్తున్న దిక్కుకీ మధ్య ఎంత తేడా ఉందో దాన్నిబట్టి ఉంటుంది. పాతరోజుల్లో దీన్ని తిరగేసి చెప్పేవాళ్ళు, స్వింగ్ దారి ఎటుంటే బంతి అటు బయల్దేరుతుంది, ముఖం ఎటుంటే చివరికి అటు తిరుగుతుంది అని. బంతి, క్లబ్ కదలికల్ని కొలిచే లాంచ్ మానిటర్లు అనే యంత్రాలు వచ్చి కొలిచాక అది తప్పని తేలింది, అయినా ఇప్పటికీ అదే చెప్పే పెద్దవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో వాదన పెట్టుకోకండి, ఊరికే తలూపి వచ్చేయండి. సరే, ఆ ముఖాన్ని తిప్పేదెవరు? మీ ఒంట్లో క్లబ్‌ని ముట్టుకునేవి ఆ రెండు చేతులే కదా.

ఇప్పుడు స్లైస్, అంటే బంతి ఇలా కుడికి వంకర తిరిగిపోవడం, ఎలా పుడుతుందో చూడండి. చేతులు గ్రిప్ (క్లబ్ పిడి) మీద ఎడమవైపుకి మరీ తిరిగిపోయి ఉంటాయి, దాంతో బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ ముఖం తెరుచుకుని కుడివైపు చూస్తుంది, బంతి కుడికి పోతుంది. మీరేం చేస్తారు, తెలివిగా ఎడమవైపుకి గురిపెట్టి నిలబడతారు, క్లబ్‌ని కూడా బయటనుంచి లోపలికి ఎడమవైపు లాగుతారు. దారి ఎడమకి ముఖం కుడికి, ఆ రెండింటి మధ్య తేడా ఇంకా పెరుగుతుంది కాబట్టి బంతి ఇంతకుముందుకన్నా ఎక్కువ వంకర తిరుగుతుంది. అప్పుడు ఇంకాస్త ఎడమకి తిరుగుతారు, ఇదిలా పెరుగుతూనే ఉంటుంది, ఆరునెలల తర్వాత వచ్చి "నాది ఓవర్ ద టాప్ స్వింగ్ తాతయ్యా, భుజం ముందుకి వచ్చేస్తోంది" అంటారు. భుజం ఊరికే రాలేదు నాయనా, చేతులు చేసిన పనికి సర్దుబాటు చేసుకుంటోంది పాపం. చేతులు అలాగే ఉంచి భుజం ఒక్కటీ సరిచేస్తే బంతి తిన్నగా కుడివైపు చెట్లలోకి పోతుంది, మీకేమో కోచ్ చెప్పింది తప్పనిపిస్తుంది.

ఇక పట్టుకోవడం. ముందు ఎడమచేయి. క్లబ్ అరచేతిలో కాదు, వేళ్ళలో ఉండాలి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. చిటికెనవేలు మొదలు దగ్గరనుంచి చూపుడువేలు మధ్య కణుపు దాకా ఏటవాలుగా గ్రిప్ పడేలా పెట్టుకుని, అప్పుడు చేయి మూయండి. చిటికెనవేలు వైపు అరచేతి కింద ఉబ్బెత్తుగా ఉండే మెత్తటి భాగం గ్రిప్ మీద కూర్చోవాలి. సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవాలంటే మిగతా వేళ్ళు వదిలేసి, ఒక్క చూపుడువేలు కొక్కెంలా వంచి, ఆ మెత్తటి భాగం పైన ఆనించి క్లబ్‌ని ఎత్తి చూడండి, నిలబడితే కరెక్టుగా పట్టుకున్నట్టే, జారిపడిపోతే అరచేతిలో పట్టుకున్నారన్నమాట. అరచేతిలో పట్టుకుంటే మణికట్టు సరిగ్గా మడవదు, మణికట్టు మడవకపోతే స్పీడ్ ఎక్కడనుంచి వస్తుంది? పైగా మరీ చివర పట్టుకోకండి, గ్రిప్ కొస అర అంగుళం బయటకి కనబడనివ్వండి. కొస అరచేతి కిందిభాగంలో గుచ్చుకుంటూ ఉంటే అక్కడ లోపల హేమేట్ అని ఒక చిన్న ఎముక ఉంటుంది, దానికి దెబ్బ తగులుతుంది, గోల్ఫ్ ఆడేవాళ్ళకి అది విరగడం కూడా ఉంది.

ఎడమ బొటనవేలు గ్రిప్‌కి నడినెత్తిన కాకుండా కాస్త కుడివైపుకి ఉండాలి, మరీ కిందకి సాగదీయకుండా. ఇప్పుడు తల వంచి చూస్తే ఎడమచేతి మెటికలు రెండు, మహా అయితే రెండున్నర కనబడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత మీ గడ్డానికీ కుడిభుజానికీ మధ్య ఎక్కడో చూపిస్తూ ఉండాలి. ఒకటే మెటిక కనబడుతుంటే అది వీక్ గ్రిప్ (పట్టుకునే తీరుని కూడా గ్రిప్ అనే అంటారు), ముఖం తెరుచుకుని బంతి కుడికి పోతుంది. మూడో నాలుగో కనబడితే స్ట్రాంగ్ గ్రిప్, ముఖం మూసుకుపోయి బంతి ఎడమకి వంకర తిరుగుతుంది, దాన్నే హుక్ అంటారు. స్ట్రాంగ్ అంటే గట్టిగా పిసకడం కాదు, చేయి ఎంత తిరిగి ఉందన్నదే లెక్క.

కుడిచేయి కూడా వేళ్ళలోనే. మధ్యలో ఉన్న రెండు వేళ్ళే ఎక్కువ పని చేస్తాయి. కుడి అరచేతిలో ఆయుష్షు రేఖ ఉంటుంది చూడండి, అది సరిగ్గా ఎడమ బొటనవేలి మీదకి వచ్చి దాన్ని కప్పేయాలి, గ్యాప్ ఉండకూడదు. రెండు చేతుల గీతలూ ఒకే వైపు చూపిస్తుంటే రెండూ కలిసి పనిచేస్తాయి, ఒకటి అటు ఒకటి ఇటు చూపిస్తుంటే దారి పొడుగునా కొట్టుకుంటాయి. పిల్లల్లో ఎక్కువగా చూసేది ఏంటంటే, కొట్టుడు బలంగా ఉండాలని కుడిచేతిని గ్రిప్ కిందకి దూర్చేస్తారు, మొదట్లో బంతి దూరం పోతుంది కూడా, కానీ రోజు కాస్త అటూఇటూ అయ్యిందంటే ఎడమవైపు ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు.

చేతులు కలిపే పద్ధతులు మూడున్నాయి. కుడి చిటికెనవేలుని ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ళ మధ్య సందు మీద పెట్టేది ఓవర్‌లాప్, దీన్నే వార్డన్ గ్రిప్ అంటారు, ఓపెన్ ఛాంపియన్‌షిప్ అనే బ్రిటన్ పెద్ద టోర్నమెంట్ 6 సార్లు గెలిచిన హ్యారీ వార్డన్ పేరు మీద (ఆయనకన్నా ముందే జానీ లెయిడ్లే అనే స్కాట్లాండ్ అమెచ్యూర్ ఇలా పట్టేవాడు, పేరు మాత్రం వార్డన్‌కి వచ్చింది). కుడి చిటికెనవేలునీ ఎడమ చూపుడువేలునీ మెలేసి పట్టేది ఇంటర్‌లాక్, జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ ఇద్దరిదీ అదే. పది వేళ్ళూ గ్రిప్ మీదే పెట్టేది బేస్‌బాల్ గ్రిప్. చేతులు చిన్నగా ఉన్న పిల్లలకి మొదట పది వేళ్ళదో ఇంటర్‌లాకో బాగుంటుంది, ఓవర్‌లాప్ చేస్తే పట్టు చాలదు. ఈ మూడిట్లో ఏదైనా పరవాలేదు, దీనిమీద గంటలు గంటలు చర్చ పెట్టుకోవడం దండగ.

ఎంత గట్టిగా పట్టుకోవాలి అంటే, పదికి నాలుగో ఐదో. తడిబట్ట పిండినట్టు పిండేస్తే ముంజేతులు బిగుసుకుపోతాయి, ముంజేతులు బిగుసుకుంటే భుజాలు కూడా బిగుసుకుంటాయి, ఇక క్లబ్ దానంతటది ఊగదు, మీరు మోసుకెళ్ళాల్సిందే. ఎడమచేతి చివరి మూడు వేళ్ళు కాస్త గట్టిగా, కుడి బొటనవేలు చూపుడువేలు దాదాపు ఊరికే అలా ఆన్చి ఉంచండి. ముఖ్యంగా మొదట్లో మెల్లగా పట్టుకుని కిందకి వచ్చేటప్పుడు ఠక్కున బిగించకండి, మొదటనుంచి చివరదాకా ఒకేలా ఉండాలి. గ్రిప్ రబ్బరు అరిగిపోయి నున్నగా అయితే తెలీకుండానే పిసుకుతారు, అప్పుడప్పుడు సబ్బునీళ్ళతో తుడవండి, మరీ పాతదైతే మార్పించమని ఇంట్లో అడగండి. క్లబ్ పొడవు కూడా అంతే, పెద్దవాళ్ళ క్లబ్ ఇచ్చి ఆడమంటే బరువుకి చేతులు జారి గ్రిప్ తప్పుతుంది, అది పిల్లల తప్పు కాదు.

ఇన్ని కొలతలు చెప్పాక మీకో సందేహం రావాలి, పెద్ద ఆటగాళ్ళందరూ ఇలాగే పట్టుకుంటారా అని. లేదు. బెన్ హోగన్‌ని హుక్ బాగా ఏడిపించింది, ఎడమచేతిని వీక్ వైపుకి తిప్పుకున్నాడు, 1946 నుంచి 1953 లోపు 9 మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నమెంట్లు) గెలిచాడు. లీ ట్రెవినో స్ట్రాంగ్ గ్రిప్‌తో బంతిని కాస్త కుడికి వంచుతూ (దీన్ని ఫేడ్ అంటారు) 6 మేజర్లు గెలిచాడు, మామూలుగా ఆ గ్రిప్‌కి బంతి ఎడమకి పోవాలి కదా, ఆయన ఒళ్ళు అంత త్వరగా తిప్పి ముఖాన్ని మూసుకోనివ్వకుండా లాక్కెళ్ళేవాడు. అంటే గ్రిప్పూ ఒంటి కదలికా ఒకదానికొకటి సరిపడాలి. మీకింకా ఒంటి కదలిక కుదరలేదు కాబట్టి మధ్యస్థంగా మొదలుపెట్టండి, ఒకటి మార్చాలనుకుంటే ఓ పావు అంగుళం తిప్పి చూడండి, అంతకుమించి ఒక్కసారి వద్దు.

ఇక స్వింగ్ లో చేతులెక్కడుండాలి. నిలబడేటప్పుడు తుంటి దగ్గర వంగండి, వీపు గూని చేసి కాదు, అప్పుడు చేతులు భుజాల కిందనుంచి వాటంతటవే వేలాడతాయి, ఎక్కడ వేలాడితే అక్కడే క్లబ్ పట్టుకోండి. బంతి కోసం చేతులు ముందుకి చాపితే దూరంగా నిలబడ్డట్టు. ఐరన్లకి (ఇనుప తల ఉండే క్లబ్‌లు) చేతులు బంతికన్నా రవ్వంత టార్గెట్ వైపు, అన్నిటికన్నా పొడుగ్గా ఉండే క్లబ్ డ్రైవర్‌కి అంత అక్కర్లేదు.

వెనక్కి తీసేటప్పుడు క్లబ్ తల మొదటి రెండడుగుల దూరం పోయేదాకా భుజాలు, చేతులు, క్లబ్ అన్నీ కలిసి కదలాలి. చేతులొక్కటే లాగేస్తే క్లబ్ తల వెంటనే వీపు వెనక్కి పోతుంది. క్లబ్ నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు ఆపి చూడండి, క్లబ్ ముఖం మీ వెన్నెముకలాగే కాస్త ముందుకి వాలి ఉండాలి, ఆకాశంవైపు తిరిగిపోయిందంటే ముంజేతులు దొర్లించేశారు. పైకి వెళ్ళాక ఎడమ మణికట్టు వెనకభాగం చదునుగా, ముంజేతితో ఒకే వరసలో ఉంటే బాగు. అది గిన్నెలా లోపలికి గుంటపడితే ముఖం తెరుచుకుంటుంది, స్లైస్ కొట్టేవాళ్ళలో పదేపదే చూస్తానిది. డస్టిన్ జాన్సన్, కాలిన్ మొరికావా అనే పెద్ద ఆటగాళ్ళు అయితే దానికి ఎదురుగా బయటకి విల్లులా వంచుతారు, వాళ్ళ ఒళ్ళు అందుకు సరిపడా తిరుగుతుంది, మీరు అద్దం ముందు కాపీ కొట్టకండి.

కిందకి వచ్చేటప్పుడు పిల్లలు చేసేది ఒకటే, బంతిని గాల్లోకి లేపాలని కుడిచేత్తో చెంచాతో తోడినట్టు తోడేస్తారు. అక్కర్లేదు, క్లబ్ ముఖానికి లాఫ్ట్, అంటే వెనక్కి వాలు, ఇచ్చిందే అందుకు. ఐరన్‌తో కొట్టేటప్పుడు చేతులు ముందు రావాలి, క్లబ్ తల వెనక రావాలి, ముందు బంతి తగిలి తర్వాత గడ్డి తెగాలి. మీ గడ్డి ముక్క బంతి ఉన్నచోటికి వెనకాల మొదలవుతుంటే చేతులు తొందరపడి క్లబ్ తలని వదిలేశాయన్నట్టు. పైనుంచి మొదలుపెట్టగానే చేతులు గట్టిగా విసిరేయడం వల్ల వచ్చే జబ్బు ఇది, కింద నడుము ముందు కదిలితే చేతులకి కాస్త ఆగే టైం దొరుకుతుంది.

ప్రాక్టీస్‌కి పెద్ద హంగామా ఏమీ వద్దు. ప్రతి బంతికీ క్లబ్ వదిలేసి మళ్ళీ మొదటనుంచి పట్టుకోండి, ఒకసారి పట్టుకుని వరసగా పది బంతులు కొట్టేస్తే మీరు గ్రిప్ నేర్చుకున్నట్టు కాదు. చేతులు నడుము ఎత్తుకి, మళ్ళీ నడుము ఎత్తుకి, అంతవరకే సగం స్వింగ్‌లు షార్ట్ ఐరన్‌తో కొట్టండి, చేతుల తప్పు ఏదైనా అక్కడే బయటపడుతుంది. రెండు చేతుల మధ్య రెండంగుళాల గ్యాప్ పెట్టి బంతి లేకుండా మెల్లగా ఊపితే ఎడమచేయి ముందు ఎలా వెళ్ళాలో తెలుస్తుంది. వేళ్ళ అచ్చు పోసిన ట్రైనింగ్ గ్రిప్‌లు దొరుకుతాయి, ఇంట్లో బానే పనికొస్తాయి, కాకపోతే అది బిగించిన క్లబ్‌తో పోటీలో ఆడకండి, రూల్స్ ఒప్పుకోవు.

కొత్త పట్టు మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది, చేయి మనది కాదేమో అనిపిస్తుంది, బంతులు కూడా మునుపటికన్నా అధ్వాన్నంగా పోతాయి, ఎందుకంటే ముఖం సరైంది గానీ ఎడమకి లాగే పాత అలవాటు ఇంకా ఉంది. అప్పుడు బంతి ఎడమవైపు మొదలై ఎడమకే పోతుంది. ఇది చూసి భయపడి మళ్ళీ పాత గ్రిప్‌కి పోయేవాళ్ళే ఎక్కువ. అక్కడ పట్టు మార్చకుండా, గురి సరిచేసుకుని దారి మెల్లగా మార్చుకోండి, టీవీ చూస్తున్నప్పుడు ఊరికే క్లబ్ పట్టుకుని వదులుతూ ఉంటే చేతులకి అలవాటైపోతుంది.

బంతిని నేలమీద దొర్లించి గుంటలోకి పంపే క్లబ్ పట్టర్ మాత్రం ఈ లెక్కల్లోకి రాదు, దాన్ని అరచేతిలోనే పట్టుకుంటారు, అక్కడ మణికట్టు కదలకూడదు కాబట్టి. జోర్డన్ స్పీత్ అనే ఆటగాడిలా ఎడమచేయి కిందకి పెట్టినా పరవాలేదు. అది ఇంకోసారి రాస్తా.

ఈసారి వీడియోతో పాటు మీ గ్లవ్ అరచేతివైపు ఫోటో కూడా పంపండి. చిటికెనవేలు వైపు అరచేతి కింది మెత్తటి భాగం దగ్గర చిరిగిందంటే క్లబ్ అరచేతిలో జారుతూ రుద్దుకుంటోందని నాకు ఇక్కడినుంచే తెలిసిపోతుంది.

మీ
తాతయ్య