థాలియం పరీక్ష: కెమెరా లెక్కపెట్టే పద్ధతి మారిన వైనం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి గుండెనొప్పి వస్తే వైద్యులకు ఒక చిక్కు ఎదురవుతుంది. యాంజియోగ్రామ్‌కు వాడే అయోడిన్ మందు అప్పటికే దెబ్బతిన్న కిడ్నీల మీద మరింత భారం మోపే ప్రమాదం ఉంది. అణుధార్మిక మందుతో చేసే గుండె స్కానుకు, అంటే జనం ‘థాలియం టెస్టు’ అని పిలిచే పరీక్షకు, ఆ అయోడిన్ అక్కరలేదు. అయితే ఇచ్ఛాపురం నుంచి 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖపట్నంలో బల్లమీద పడుకున్న రోగి చేతులు తలపైకి ఎత్తి ఎంతసేపు కదలకుండా ఉండాలో, వచ్చిన చిత్రాన్ని ఎంత నమ్మవచ్చో నిర్ణయించడంలో కెమెరా సమాచారాన్ని పోగుచేసే తీరుకు పెద్ద పాత్ర ఉంది.

ఒంట్లోకి ఎక్కించిన అణుధార్మిక మందు నుంచి వెలువడే కిరణాలను పట్టి చిత్రంగా మార్చే గామా కెమెరా ఈ పరీక్షకు పునాది. దాన్ని 1950ల చివర్లో అమెరికాలో హాల్ యాంగర్ రూపొందించారు. 1970లలో థాలియం-201 అనే అణుధార్మిక మందు వాడుకలోకి వచ్చినప్పుడు కెమెరాను మూడు కోణాల్లో నిలిపి చిత్రాలు తీసేవారు. గుండె గోడలు ఒకదానిపై ఒకటి పడి కనబడేవి. కెమెరా రోగి చుట్టూ తిరగడం మొదలయ్యాక ఆ ఇబ్బంది తగ్గింది గాని, సగం చుట్టు చాలా, పూర్తి చుట్టు తిరగాలా అన్న వాదం లేచింది. గుండె ఛాతీలో ఎడమ ముందువైపు ఉంటుంది కాబట్టి వెనుకవైపుకు వెళ్లే కిరణాలు వెన్నెముకలో, కండల్లో చాలావరకు అణగిపోతాయి. అందుకే 180 డిగ్రీల సేకరణే వాడుకలో స్థిరపడింది. 360 డిగ్రీలను సమర్థించినవారు సగం చుట్టులో చిత్రం ఆకారం కొంత వికృతమవుతుందని చూపారు, ఆ అభ్యంతరం నిరాధారమైనది కాదు.

థాలియం సగం ఆయువు, అంటే దాని అణుధార్మికత సగానికి తగ్గడానికి పట్టే సమయం, దాదాపు 73 గంటలు, అందువల్ల ఎక్కువ మోతాదు ఇవ్వలేరు. 6 గంటల సగం ఆయువు గల టెక్నీషియం-99ఎం మందులు 1990లలో విస్తరించాక (జనం నోట పాత పేరే నిలిచింది) లెక్కకు అందే కిరణాలు పెరిగాయి. ఈసీజీతో జతచేసి ఒక్కో గుండెచప్పుడును 8 లేదా 16 భాగాలుగా విడదీయడం తేలికైంది.

నా దృష్టిలో అసలైన తేడా ఇక్కడే ఉంది. పాత పద్ధతిలో కిరణాలు నేరుగా ఆ భాగాల్లోకి కూడికగా చేరతాయి, ఒక్కొక్క కిరణం వివరం మిగలదు. గుండె లయ తప్పితే, అదుపు తప్పిన చప్పుళ్ల లెక్కను యంత్రం అప్పటికప్పుడే వదిలేస్తుంది, అది మళ్లీ దొరకదు. ‘లిస్ట్ మోడ్’ అనే మరో పద్ధతిలో ప్రతి కిరణం ఎక్కడ, ఏ క్షణాన తగిలిందో విడిగా నమోదవుతుంది. ఏ చప్పుడును ఉంచాలో, దేన్ని తీసేయాలో రోగి ఇంటికి వెళ్లిన తర్వాతా నిర్ణయించవచ్చు. ఆలోచన పాతదే, కానీ అంత సమాచారాన్ని దాచే జ్ఞాపకశక్తి తొలినాటి కంప్యూటర్లకు లేదు.

కిరణాన్ని నేరుగా విద్యుత్తుగా మార్చే కాడ్మియం-జింక్-టెల్యురైడ్ కెమెరాలు వచ్చాక, పావుగంట పైగా పట్టే సేకరణ కొద్ది నిమిషాలకు తగ్గింది. ఒకే రోగికి ఒకసారి పాత కెమెరా మీద, మరోసారి కొత్తదాని మీద స్కాను చేసినప్పుడు రెండు చిత్రాల్లో కనబడే తేడా గుండెదో యంత్రానిదో తేల్చాలంటే, ఏ కోణం, ఏ పద్ధతి, ఎన్ని నిమిషాలన్న వివరాలు రిపోర్టులో ఉండి, ఆ రిపోర్టు రోగి వెంట ఊరు చేరాలి.